చిట్టాకుకు తెల్లపూత

మూత 38

మొగిలి సర్దారు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. పదిహేడేళ్ళుగా నాలుగో సీము మడులు నా నోటి లెక్క మీదే నడిచాయి. ఏ మడిలో ఎంత ఆకు ఉందో, ఎరువు నీళ్ళు ఎప్పుడు పోశానో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇప్పుడు ఆయనకు కాగితం కావాలట. రేపు నీకేమైనా అయితే రెండు వందల పన్నెండు మంది ఏం తినాలి అన్నాడు. నాకేమీ కాదు అన్నాను. పుస్తకం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. బొగ్గు తవ్వేసిన ఈ పొరకు, మా సీముకు, ఆయనే పెద్ద, కాదంటే కుదరదు.

శివరాత్రి మర్నాడు, ముప్ఫై ఎనిమిది రోజుల కింద, బొగ్గుబావి నోటికి మూత వేశాం. మృగశిర చినుకు పడేదాకా, అంటే ఇంకా డెబ్భై రోజులు, పైకి ఎవరూ పోరు. పోయిన ఏడాది ఇద్దరు మొండిగా పోయారు. పొద్దెక్కేలోపే ఎండకు చచ్చిపోయారు. కింద ఉన్న జొన్నలు మనిషికి రోజుకు ఒక రొట్టె లెక్కన ఇంకో ఇరవై రోజులకే వస్తాయి. మిగతా కడుపు చిట్టాకుతో నింపాలి. పప్పులో, పులుసులో, సర్వపిండిలో, చివరికి కోళ్ళ దాణాలో కూడా అదే.

తెలియనివాళ్ళు చదివినా అర్థం కావాలన్నాడు సర్దారు. సరే. చిట్టాకు మెంతిగింజంత ఉంటుంది. నీళ్ళ మీద తేలుతుంది, కింద వెంట్రుకల్లాంటి వేర్లు వేలాడతాయి. దీపాల వెలుగు, కదలని మంచినీళ్ళు, కాస్త ఎరువు ఇస్తే రెండు రోజుల్లో రెండింతలవుతుంది. ఒకప్పుడు బొగ్గు తవ్విన వసారాలో పన్నెండు మడులు కట్టుకున్నాం. రోజుకు ఆరు మడుల్లో సగం ఆకు తీయాలి, సగం ఉంచాలి. తీయకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కి కుళ్ళుతుంది. ఎక్కువ తీస్తే ఖాళీలో నాచు పడుతుంది. ఇంతే విద్య. కానీ దీనికి రోజూ కళ్ళూ వేళ్ళూ పెట్టి ఉండాలి.

ఈ రోజు పొద్దున అందరినీ లెక్కబెట్టే మస్టరు అయ్యాక ఒకటి నుంచి ఆరు మడుల్లో సగం తీసి, జల్లెడలో కడిగి వంటశాలకు పంపాను. డబ్బాడు నత్తలు ఏరాను. నాలుగో మడిలో వేర్లు పొడుగ్గా సాగాయి. ఆకలి మీద ఉందన్నమాట. కోళ్ళ ఎరువు నానబెట్టిన నీళ్ళు రెండు బిందెలు పోశాను. పై అంచెలో ఉన్న మూడో సీము నుంచి ఈరవ్వ ముంత వచ్చింది. అక్కడి మడులు చూసేది ఆమే. నాకు ఈ పని నేర్పిందీ ఆమే. వారం కింద తన మడి ఒకటి వేడికి పోయిందని తోడు అడిగితే ముంతలో ఆకు వేసి పంపాను. తోడు అడిగితే లేదనకూడదు, వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. పెరుగు తోడుకు ఏ మర్యాదో చిట్టాకుకూ అదే. అవ్వ తన మడిలోది పిడికెడు ఆకు వేసి పంపింది. ఏడో మడిలో కలిపాను.

మూత 41

ఏడో మడి మూలలో అరచేతి మేర ఆకు తెల్లబడింది. ఎక్కువ వెలుగు తగిలిందేమోనని దీపం పైకి జరిపాను. వేలు పెట్టి తిప్పి చూస్తే ఆకు వేలికి అంటుకుని జిగటగా జారిపోయింది. వాసన కూడా బాగాలేదు.

మూత 42

నిన్న అరచేయి. ఈ రోజు సగం మడి. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. పైన సన్నటి బూజు, కింద ముద్ద. దీనికి తెల్లపూత అని పేరు పెట్టాను, పేరు పెడితే సగం భయం పోతుందని. పోలేదు. మడి మొత్తం ఖాళీ చేసి సున్నం చల్లాను. ఆకు తీసుకెళ్ళి పొయ్యిలో వేశాం. కోళ్ళకు వేద్దామన్న వంటశాలవాళ్ళను తిట్టాను.

మూత 43

ఆరు, ఎనిమిది, తొమ్మిది మడులకు పాకింది.

ఇది ఎక్కడినుంచి వచ్చింది? సంపు నీళ్ళు చూశాను, మునుపటిలాగే ఉన్నాయి. కోళ్ళ ఎరువు చూశాను. అందులో లేదు. మిగిలింది ఒక్కటే. హాలేజీ నడిపే ఓదెలు. రెండు సీముల మధ్య తొట్లు లాగేది అతనే. మూడో సీము బురద తొక్కిన కాళ్ళతో ఏడో మడి గట్టు మీదుగా అడ్డంగా నడిచి పోతాడు. వద్దని వందసార్లు చెప్పాను.

పొద్దున మస్టరులో అందరూ ఉండగా అడిగాను. నీ కాళ్ళతోనే తెచ్చావు, నువ్వు నడిచిన గట్టు పక్కనే మొదలైంది, రెండు వందల మంది నోట్లో మట్టి కొట్టావు అన్నాను. ఇంకా కొన్ని అన్నాను, రాయను. ఓదెలు తల ఎత్తకుండా విన్నాడు. నా కాళ్ళు కడుక్కునే వస్తున్న అక్కా, అన్నాడు ఒక్కసారి. ఎవరూ వినిపించుకోలేదు. నిప్పు లేనిదే పొగ రాదన్నాడు వెనకాల ఎవరో. బొగ్గుబావిలో ఆ సామెతను ఎవరూ తేలిగ్గా అనరు.

సర్దారు అతన్ని పని నుంచి నిలిపేశాడు. సాయంత్రం వంటశాలలో అతని పళ్ళెంలో గరిటె దూరం నుంచి విదిలించారు. చూశాను. అప్పుడు నాకు తప్పనిపించలేదు.

మూత 45

పన్నెండో మడి ఒక్కటే మిగిలింది. మిగతా పదకొండూ తెల్లటి ముద్ద. రొట్టెను అరరొట్టె చేశారు. పసివాళ్ళకు మాత్రం పూర్తిది.

మధ్యాహ్నం బావి ఫోను మోగింది. ఈరవ్వ. తన మడులన్నీ పోయాయని, అక్కడ నూట ఎనభై మంది ఉన్నారని, పిడికెడు తోడు పంపమని అడిగింది. ఎలా పోయాయి అవ్వా అన్నాను. తెల్లగా పూసి, జిగటగా అయి పోయాయంది. ఎప్పటినుంచి అని అడిగితే, నిన్ను మొదటిసారి తోడు అడిగినప్పుడే, వేడికి అనుకున్నా అంది.

ఫోను చెవికి పెట్టుకునే పుస్తకం తిరగేశాను. ముప్ఫై ఎనిమిదో రోజు. ఆ రోజు ఏడో మడిలో కొత్తగా కలిసింది ఒక్కటే ఉంది, నేనే రాసి పెట్టుకున్నాను.  ఆమెకు చదివి వినిపించాను. 

"నా చేతులతోనే పంపిన గదనే బిడ్డా," అంది.

నేనే కలిపాను అవ్వా అన్నాను. మడి నుంచి మడికి ఒకే జల్లెడ తిప్పిందీ నేనే. ఆమె ఇచ్చిన పిడికెడును నేను పన్నెండు మడులకు పంచిపెట్టబోయాను.

ఓదెలు కాళ్ళు కాదు. మస్టరులో అన్న మాట మస్టరులోనే వెనక్కి తీసుకోవాలి. రేపు చెబుతాను. ఈ రోజు నోరు పెగలడం లేదు.

మూత 46

పన్నెండో మడిలో గోరంత తెల్లచుక్క కనపడింది. ఏడుపొచ్చింది. గట్టు మీద కూర్చుని ఏడ్చాను కూడా. తర్వాత లేచాను.

ఒక్క మడిలో ఉంటే ఒక్క రోజులో పోతుంది. వందచోట్ల ఉంటే, ఎక్కడో ఒకచోట బతకాలి. చుక్కకు దూరంగా ఉన్న మూల నుంచి ఆకు తీసి, మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో ఏడుసార్లు కడిగాం. వంటశాల ముందు వరుసలో నిలబెట్టి ఇంటికో చిటికెడు ఇచ్చాను. ఇక్కడ అరవై ఇళ్ళు, పైన నలభై ఎనిమిది. ఎవరి గిన్నె వాళ్ళదే. మరగబెట్టిన నీళ్ళే పోయాలి. తెల్లబడితే వెంటనే నిప్పులో వేయాలి. ఒక ఇంటి గిన్నె ఇంకో ఇంటికి పోకూడదు. ఓదెలు రాలేదు. అతని భార్య మల్లక్క వచ్చి, నా మొహం చూడకుండా గిన్నె పట్టింది.

ఇంటి గిన్నె ఇంట్లోనే ఉండాలంటే ముసలివాళ్ళు మొహం ముడుచుకున్నారు. తోడు గిన్నె ఇక ఇచ్చిపుచ్చుకోవద్దంటే చావు మాట మాట్లాడినట్టే చూశారు. మర్యాద బతికితే మనం చస్తాం అన్నాను. నా నోటికి హద్దు లేదని వాళ్ళకు ముందే తెలుసు.

ఓదెలుకు ఇంకా చెప్పలేదు.

మూత 48

ఇంటింటికీ తిరుగుతున్నాను. గిన్నెలో వేలు పెట్టి ఆకు తిప్పాలి. అడుగున ఊదా రంగు గట్టిగా ఉంటే ఆరోగ్యం, పాలిపోతే జబ్బు. వేరు పొట్టిగా ఉండాలి. ఇవన్నీ చూడకుండా వదిలేస్తే వీళ్ళకేం తెలుస్తుంది? ఒకరు దీపం కిందే పెట్టలేదు. ఇంకొకరు గిన్నెలో రొట్టె తునకలు వేశారు, పాపం ఆకలిగా ఉంటుందని.

ఓదెలు ఇంటి ముందు నిలబడి పిలిచాను. తలుపు సగమే తీశాడు.

"నా కాళ్ళు మంచియి గావంటివి గదా అక్కా. ఇగ నా ఇంట్ల నీకేం పని?"

అప్పుడే చెప్పేయాల్సింది. నీ తప్పు కాదు, నాదే అని నాలుగు మాటలు. నోటిదాకా వచ్చి ఆగాయి. ఇంటి ముందు చెబితే సరిపోదు, మస్టరులో చెప్పాలి అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. తలుపు వేసుకున్నాడు. యాభై తొమ్మిది ఇళ్ళు చూశాను.

మూత 51

తొమ్మిది గిన్నెలు తెల్లబడ్డాయి. నిప్పులో వేశాం. యాభై ఉన్నాయి. రోజుకు రెండుసార్లు తిరుగుతున్నాను. పైన ఈరవ్వ కూడా కర్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోందట. ఈ వయసులో.

పసివాళ్ళ రొట్టె కూడా ముక్కాలు చేశారు.

మూత 54

ముప్ఫై ఏడు పోయాయి. ఎందుకు పోతున్నాయో అర్థం కావడం లేదు. ఒకరి గిన్నె ఒకరు ముట్టలేదు, నీళ్ళు మరగబెడుతున్నారు, నేనే చూస్తున్నాను. సర్దారు రోజూ వచ్చి ఎన్ని అని మాత్రం అడుగుతాడు. చెబితే తల ఊపి పోతాడు. తిట్టినా బాగుండు.

ఒకామె, బిడ్డ తల్లి, గిన్నె తెల్లబడినా దాచుకుంది. నా చేతుల్లోంచి లాక్కుంది. నా బిడ్డకు పాలు వస్తలేవు, ఇదన్న వండుకుంట అంది. తింటే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయని చెప్పి బతిమాలి తీసుకున్నాను. ఆ గిన్నె పొయ్యిలో బోర్లించినప్పుడు ఆమె చూసిన చూపు నేను మర్చిపోలేను.

మూత 56

యాభై తొమ్మిదీ పోయాయి.

ఫోను చేశాను. పైన నలభై ఎనిమిదీ పోయాయి. మొదట ఏవి పోయాయి అని అడిగాను. నా ఇంటి పక్కన మొదలువెట్టి వరుసగ పోయినయ్ అంది ఈరవ్వ. నేను తిరిగే వరుసలనే, అంది మళ్ళీ.

నా పుస్తకం తీశాను. మొదట పోయిన తొమ్మిది ఇళ్ళూ నేను పొద్దున్నే మొదలుపెట్టే తొమ్మిది ఇళ్ళు. తర్వాత ఆ పక్కవి. నేను నడిచిన దారే అది. ఇంటింటికీ చేయి కడుక్కునే వెళ్ళాను. కడుక్కున్నది చంకన మోసుకెళ్ళిన ఒకే చెంబు నీళ్ళలో.

వేలు పెట్టి చూడాలని నేర్పింది ఆమె. నేర్చుకున్నది నేను. ఇద్దరం మనసు పెట్టి, ఒక్క ఇల్లు వదలకుండా, చేత్తో పంచాం.

ఒక్క ఇల్లు తప్ప.

మల్లక్క వంటశాలకు వచ్చినప్పుడు దూరం నుంచే అడిగాను. మీ గిన్నె ఎట్లుంది? ఆమె మొహం తిప్పుకునే జవాబు చెప్పింది. గిన్నె సరిపోతలేదని గంగాళంలకు ఒంపినం, అంది.

గంగాళం. ఈ బావిలో నాలుగు వందల మందికి ఉన్నది ఆ ఒక్క గంగాళం. మూత తీయడానికి ఇంకా యాభై రోజులకు పైగా ఉంది. అరరొట్టె లెక్కన జొన్నలు పదిహేను రోజులకు వస్తాయి. సర్దారుతో చెప్పాను. మనుషులను పంపి తెప్పించనా అన్నాడు. వద్దన్నాను. లాక్కునే చేతులు నాలుగు పడితే అదీ పోతుంది. అతను ఇవ్వాలి, అతని చేత్తో ఇవ్వాలి.

అతను ఎందుకిస్తాడు? నేనైతే ఇవ్వను.

మూత 57

మస్టరులో నిలబడ్డాను. ఓదెలు పదమూడు రోజులుగా మస్టరుకు రావడం లేదు. సర్దారు స్వయంగా పోయి పిలిస్తే వచ్చి గోడకు ఆనుకున్నాడు.

చెప్పాను. తెల్లపూత ఓదెలు కాళ్ళతో రాలేదు. ముంతలో వచ్చింది, నేనే మడిలో కలిపాను. నా జల్లెడతో పన్నెండు మడులకు తిప్పాను. అది నాకు నలభై ఐదో రోజునే తెలిసింది. తెలిసీ పన్నెండు రోజులు చెప్పలేదు, సిగ్గుపడి. మీ ఇళ్ళలో గిన్నెలు పోయింది నా వేలితో. బిడ్డ తల్లి వెనక వరుసలో ఉంది. ఆమె వైపు చూసే చెప్పాను. ఈ బావిలో నేను ముట్టనిది ఒక్క ఓదెలు గంగాళమే, అందుకే అది బతికి ఉంది. ఓదెలూ, అందరి ముందు అన్నాను, అందరి ముందే తప్పు ఒప్పుకుంటున్నాను.

 ఆ రోజు అతన్ని అన్నప్పుడు నాతో గొంతు కలిపినవాళ్ళందరూ ఇప్పుడు నేల చూశారు. ఓదెలు గోడ వదిలి, ఎవరినీ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

అరగంట. నా బతుకులో అంత పొడుగు అరగంట లేదు. సర్దారు బీడీ ముట్టించబోయి, పొయ్యిల దగ్గర తప్ప బావిలో నిప్పు ముట్టించకూడదని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా సర్దారు.

ఓదెలు తిరిగి వచ్చాడు. ఉత్త చేతులతో. చేతులు మోచేతుల దాకా సున్నం నీళ్ళతో కడుక్కుని వచ్చాడు, ఇంకా కారుతున్నాయి.

"ఇస్త అక్కా. కని నీ చెయ్యి తగలొద్దు. గట్టు మీదికి గూడ రావద్దు. ఏం జెయ్యాల్నో దూరంకెల్లి చెప్పు, నేను జేస్త."

సరే అన్నాను. 

ఇన్ని రోజులు దాన్నెట్లా కాపాడావు అని అడిగాడు సర్దారు. ఏం కాపాడలేదట. ఎసట్లకు కాగిన నీళ్ళు చల్లారినంక పోసిన, గంతే. ముట్టుకోబుద్ధి కాలే, అన్నాడు. కోపంతో.

మూత 58

ఒకటో మడిని మూడుసార్లు సున్నంతో కడిగి, కాగబెట్టిన నీళ్ళతో నింపడానికి పొద్దంతా పట్టింది. సీములోని ప్రతి పొయ్యి మీదా నీళ్ళే. మడికి పది అడుగుల దూరంలో సర్దారు సున్నంతో గీత గీశాడు. గీతకు అవతల ఓదెలు, ఇవతల నేను. అతనూ మల్లక్కా గంగాళం మోసుకొచ్చి అంచు వంచారు. ఆకు నీళ్ళ మీదకు జారింది. పచ్చగా. మడిలో పచ్చ చూసి పన్నెండు రోజులైంది.

ఇంత పెద్ద మడిలో అది చాపంత కూడా లేదు. రెండు రోజులకు రెండింతలు. మడి నిండాలంటే పన్నెండు, పదమూడు రోజులు. అప్పటిదాకా ఒక్క ఆకు తీయకూడదు.

మూత 62

పావు రొట్టె. ఓదెలు ఎరువు నీళ్ళు ఎక్కువ పోయబోయాడు. అరిచాను. అరవకు, చెప్పు అన్నాడు. చెప్పాను.

గట్టు పక్కన తెల్లగా ఏదో కనపడుతోందన్నాడు.  గీత మీద నిలబడి మెడ చాపాను. ఒక్క అడుగు వేస్తే కనపడుతుంది. వేయలేదు. ఏ రంగు, ఎంత, జిగట ఉందా, నీడ పడిందా అని పది ప్రశ్నలు వేశాను. కర్రముక్క కాగబెట్టి దాంతో కదిలించాడు. సున్నపు పెచ్చు. పొయ్యిలో వేశాడు.

మూత 66

బిడ్డ తల్లి గీత దగ్గరికి వచ్చి నా పక్కన కూర్చుంది.  బిడ్డ ఒళ్ళో నిద్రపోతోంది, ఎముకలు కనపడుతున్నాయి. ఇద్దరం మడి వైపు చూశాం. పావు వంతుకు దగ్గరపడింది.

సర్దారు మస్టరు పుస్తకం తెచ్చాడు. మడుల మనిషి అన్నచోట ఎవరి పేరు రాయాలో అడగడానికి మొహమాటపడ్డాడు. నా పేరు కొట్టేసి ఓదెలు పేరు రాయమని నేనే చెప్పాను. పదిహేడేళ్ళ పేరు. 

మూత 71

ఈ రోజు గీత దగ్గరికి వచ్చేసరికి ఓదెలు గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మడి ఈ అంచు నుంచి ఆ అంచుకు నిండింది. నీళ్ళు కనపడడం లేదు. ఈ పూట సగం తీసి రెండో మడికి ఇస్తాం, ఎల్లుండి మూడో మడికీ మూడో సీముకూ. ఈరవ్వ ఫోను దగ్గరే కూర్చుందట. పది రోజుల్లో వంటశాలకు ఆకు పోతుంది. జొన్నలు ఆ పది రోజులకు చాలవు, మూడు రోజులు తక్కువ. మూడు రోజులు గంజినీళ్ళతో బతకొచ్చు.

ఓదెలు లేచి నా వైపు తిరిగాడు.

"లోపలికి రా అక్కా. ఏం గాదు, ఒక్కసారి నువ్వే జూడు. వేర్లు నాకు సమజైతలేవు."

సర్దారు కూడా తల ఊపాడు. మల్లక్క సున్నం నీళ్ళ బకెట్టు నా ముందు పెట్టింది. కళ్ళనిండా పచ్చ. ఒక్కసారి వేలు ముంచి, ఒక్క ఆకు తిప్పి, ఆ ఊదా రంగు చూడాలని నా ప్రాణం కొట్టుకుంది.

వేరు ఎంత ఉంది, నీ చిటికెనవేలి గోరు కంటే పొడుగా పొట్టా అని అడిగాను. వంగి, ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. పొట్టిగనే ఉన్నయ్ అన్నాడు.

అయితే బాగున్నట్టే, మొదలుపెట్టు అన్నాను. కాగబెట్టిన జల్లెడ అందుకుని మొదటి విడత ఆకు తీశాడు. చేతులు దురదపెట్టాయి. వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.